పాత క్రోనోగ్రాఫ్: కొన్న దగ్గర్నుంచి చేతికి పెట్టుకునేదాకా

సీకో 6139 అనే క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్ కూడా ఉన్న చేతి వాచీ) మీద నాకు ఎప్పట్నుంచో మోజు. పసుప్పచ్చ డయలు, చుట్టూ నీలం ఎరుపు రింగు. 1973 నవంబరులో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌కి వెళ్లిన వ్యోమగామి విలియం పోగ్ తన వెంట తీసుకెళ్లింది ఈ రకం వాచీనే. సేకరించేవాళ్లు దాన్ని 'పోగ్' అనే పిలుస్తారు. ఆటోమేటిక్ (చేతి కదలికకే కీ పడే) క్రోనోగ్రాఫ్‌లు మొదటిసారి మార్కెట్లోకి వచ్చిన 1969 నాటి మెషిన్ అది.

దొరికిన వాచీని ముందు తిరగేసి చూశాను. వెనక మూత మీది సీరియల్ నంబరులో మొదటి అంకె ఏడాదిని, రెండోది నెలని చెబుతుంది. తొలి డయళ్ల మీద '70 మీటర్ల వాటర్ ప్రూఫ్' అని ఉండేది, తర్వాత అది 'రెసిస్ట్' అయింది. మూత చెప్పే ఏడాదికీ డయలు మీది మాటకీ పొంతన లేకపోతే వాటిలో ఒకటి వేరే వాచీది. నాకు దొరికినదానిలో రెండూ కుదిరాయి.

తర్వాత సర్వీసు. మెకానిక్ మూత విప్పి చిమటాతో రబ్బరు రింగుని లేపబోతే అది ముక్కలుముక్కలుగా రాలింది. మూత, అద్దం, కీ, రెండు బటన్లు, అన్నిటికీ కొత్త సీళ్లు పడ్డాయి, సిలికాన్ గ్రీజు రాసి మరీ. ఎండిపోయిన నూనె కడిగి కొత్తది వేశారు. ఆఖర్న ప్రెషర్ టెస్టు: నీళ్లు లేకుండా గాలి ఒత్తిడి పెట్టి కేసు ఎంత నొక్కుకుపోతుందో కొలుస్తారు. లోపలికి గాలి చొరబడితే కేసు మళ్లీ పొంగుతుంది. మాది పొంగలేదు. అయినా 70 మీటర్లు అన్నది ఫ్యాక్టరీ నుంచి కొత్తగా వచ్చిననాటి మాట. చేతులు కడుక్కునేటప్పుడు తీయను, ఈతకి మాత్రం పెట్టుకోను, తడిలో బటన్ నొక్కను.

ఇంత తిప్పలూ ఆ బటన్ కోసమే. పైది నొక్కితే వేలికి కాస్త బిగువుగా తగిలి టక్కుమంటుంది, సెకన్ల ముల్లు ఇసుమంత కూడా ఎగరకుండా కదులుతుంది. ముల్లుని మెషిన్‌తో కలిపే క్లచ్ పక్కనుంచి కాకుండా నిలువుగా అతుక్కోవడమే కారణం. కింది బటన్‌తో ముల్లు ఒక్క ఉదుటున వెనక్కొచ్చి సరిగ్గా పన్నెండు మీద నిలబడుతుంది. ఈ వాచీకి వేరే సెకన్ల ముల్లు లేదు కాబట్టి క్రోనోగ్రాఫ్‌ని రోజంతా నడుస్తూనే ఉంచుతాను.