ఉప్పు డబ్బాలో అయిదు చెవులు: మేకల బీమా సొమ్ము కోసం నేను పడ్డ పాట్లు

మొన్న సోమవారం నా బ్యాంకు ఖాతాలో 35,000 రూపాయలు జమ అయినట్టు ఫోనుకు సందేశం వచ్చింది. జూలైలో చనిపోయిన నా ఆరు మేకలలో అయిదింటి బీమా సొమ్ము అది. మేకలు పోయిన 83వ రోజున చేతికందింది. ఆ ఆరో మేక సంగతి, దానికంటే ముందు ఆ అయిదింటి కోసం నేను పడ్డ మాటల సంగతి, కోపం చల్లారకముందే రాయాలని కూర్చున్నాను.

నేను ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా పనిచేసి పదవీ విరమణ పొందాను. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో, యాచారం దగ్గర మాకున్న రెండున్నర ఎకరాలలో 42 మేకలను, రెండు ఆడ పందులను పెంచుతున్నాను. మేకల దొడ్డి ఒక చివర, పందుల పాక మరొక చివర ఉంటాయి. మధ్యలో అవిశె, సుబాబుల్ చెట్లు వేశాను. పందుల విషయంలో నన్ను వేలెత్తి చూపగలవారు మా చుట్టుపక్కల లేరని ధైర్యంగా చెప్పగలను. తల్లి పక్కకు ఒరిగినప్పుడు పిల్లలు నలిగిపోకుండా గోడ వెంట జానెడు ఎత్తున ఇనుప పైపు వేయించాను, పుట్టిన మూడో రోజున ప్రతి పిల్లకూ ఐరన్ సూది వేయిస్తాను. కిందటి ఈతలో 11 పిల్లలు పుడితే 10 బతికాయి. ఇబ్రహీంపట్నం వైపు కాలేజీల హాస్టళ్ల నుంచి తెచ్చే మిగులు అన్నాన్ని ఉడకబెట్టకుండా ఒక్క పూట కూడా పెట్టను, అందులోని ఊరగాయ ముక్కలను చేత్తో ఏరి పారేస్తాను. ఉప్పు ఎక్కువై, నీళ్లు తక్కువైతే పందికి ఫిట్స్ వచ్చి పడిపోతుందని ఎందరికి తెలుసు? ఇంత జాగ్రత్త పందుల మీద పెట్టిన మనిషిని మేకల దగ్గర ఎందుకు ఏమరుపాటుగా ఉన్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

పాలసీ తీసుకోవడం ఒక్క పూటలో అయిపోయింది. జాతీయ పశుసంపద మిషన్ కింద బీమా ప్రీమియంలో రైతు వాటాను 15 శాతానికి తగ్గిస్తూ కేంద్ర మంత్రివర్గం 2024 ఫిబ్రవరిలో నిర్ణయించిందని పత్రికలో చదివి, ఆశతో వెళ్లాను. నా దగ్గర మాత్రం మొత్తం ప్రీమియం కట్టించుకున్నారు. అది వేరే కథ కాబట్టి వదిలేస్తున్నాను. 40 మేకలకు, ఒక్కొక్కటి 7,000 రూపాయల విలువకు పాలసీ వచ్చింది. ఏజెంటు పంపిన కుర్రవాడు ఒక గంటలో నలభై చెవులకూ గుర్తింపు నంబర్లున్న పసుపుపచ్చ ట్యాగులు కొట్టి వెళ్లిపోయాడు. చెవిలో రెండు నరాల మధ్య, మొదలుకు దగ్గరగా కొట్టవలసిన ట్యాగును అతడు అంచుకు కొట్టాడు. కంచెలో తల దూర్చి కొమ్మ అందుకోవడం మేకకు పుట్టుకతో వచ్చిన బుద్ధి కాబట్టి, మూడు నెలలు తిరిగేసరికి నాలుగు మేకల చెవులు చీలి, ట్యాగులు ఊడిపోయాయి. నాలుగుసార్లు ఫోన్ చేస్తే, "వస్తాం సార్, వస్తాం" అన్నారు. మూడింటికే వచ్చారు.

జూన్ అంతా ఎండి, జూలై రెండో వారంలో ఒక్కసారిగా వానలు పడ్డాయి. నాలుగు రోజులలో గట్ల మీద గడ్డి పచ్చగా లేచింది. నేనూ సంబరపడి మందను పొద్దున్నే వదిలాను. ఆ రాత్రే రెండు మేకలు చనిపోయాయి. సాయంత్రం నెమరు వేస్తున్నవి తెల్లవారేసరికి మెడలు వెనక్కి వంచుకొని, కాళ్లు చాచి పడి ఉన్నాయి. చిటుక వేసినంతలో ప్రాణం తీస్తుంది కాబట్టే మన పెద్దలు దానికి చిటుక రోగమని పేరు పెట్టారు. మేక పేగులలో మామూలుగానే ఉండే సూక్ష్మజీవి, పస్తుల తరువాత ఒక్కసారిగా లేత మేత పడితే విపరీతంగా పెరిగి విషాన్ని వదులుతుంది. బక్కచిక్కినవి తప్పించుకుంటాయి, బాగా తిని బలిసినవే ముందు పోతాయి. దీనికి టీకా ఉంది. వానలకు ముందు ఒకసారి, రెండు మూడు వారాలకు మళ్లీ ఒకసారి వేయించాలి. నేను మొదటిది వేయించి, రెండోదాన్ని మా మేనకోడలి పెళ్లి పనులలో పడి మరిచిపోయాను. ఆ తప్పు నాదే.

రెండో తప్పు కూడా నాదే. కుక్కలు చేరుతున్నాయని, పందుల పాకకు రోగం అంటుతుందేమోనని భయపడి, ఎనిమిది గంటలకల్లా గుంత తీసి, సున్నం చల్లి, రెండు మేకలనూ పూడ్చేశాను. పాలసీ సంగతి మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు గుర్తుకొచ్చింది. ఫోన్ చేస్తే అవతలి గొంతు, "ట్యాగుతో ఫొటో తీశారా? పోస్టుమార్టం అయిందా?" అని అడిగి, లేదనగానే, "ట్యాగ్ లేకపోతే క్లెయిమ్ లేదు" అని పెట్టేసింది.

తరువాతి రెండు రోజులలో మరో నాలుగు పోయాయి. ఈసారి 1962కు ఫోన్ చేశాను, సంచార పశువైద్య వాహనం వచ్చింది. మిగిలిన మందకు చేయగలిగింది చేశారు. పోస్టుమార్టానికి మండల పశువైద్యశాల డాక్టరు సార్ స్వయంగా వచ్చి, దొడ్డి పక్కనే వానలో గొడుగు పట్టించుకొని మేకను కోశారు. మూత్రపిండాన్ని బయటికి తీసి నా అరచేతిలో పెట్టి, "నొక్కి చూడండి" అన్నారు. గట్టిగా, జారుడుగా ఉండవలసినది బొటనవేలు కింద గుజ్జులా జారిపోయింది. ఆ తరువాత ఆయనే, పూడ్చినవాటిని కూడా తీయగలిగితే ట్యాగు నంబర్లయినా నమోదు చేస్తానని మాట ఇచ్చారు. మూడు రోజుల నాటి గుంతను తవ్వడానికి ఎంత కూలి ఇస్తానన్నా ఎవరూ రాలేదు. నేను, మా బామ్మర్ది ముక్కులకు కర్పూరం రాసిన గుడ్డలు కట్టుకొని తవ్వాము. ఒక మేక చెవికి ట్యాగు దొరికింది. రెండోదాని చెవికి చీలిక మాత్రమే ఉంది. నాలుగోసారి ఫోన్ చేసినా ఏజెంటు మనిషి రాని మేక అదే.

ట్యాగును విడిగా తేకూడదని, చెవితో సహా తెచ్చి అప్పగించాలని బీమా ఆఫీసు నుంచి ఆజ్ఞ వచ్చింది. అయిదు చెవులనూ ఉప్పులో పొరలు పొరలుగా వేసి, మా ఆవిడ మామిడికాయ తొక్కు పెట్టుకునే మూత గట్టి డబ్బాలో పెట్టి, దానిని రెండు కవర్లలో చుట్టి, పొద్దున 7 గంటలకు యాచారంలో పల్లె వెలుగు ఎక్కాను. నా ఉద్యోగ కాలంలో ఎండుచేపల బుట్టలతో ఎక్కినవారిని ఎందరినో మారు మాట్లాడనీయకుండా దింపినవాణ్ని నేను. ఆ రోజు డబ్బాను కాళ్ల మధ్య దాచుకొని, నా కొడుకు వయసున్న కండక్టరు నా పక్కకు వచ్చినప్పుడల్లా కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను. ఇబ్రహీంపట్నం దాటాక ముందు సీటులోని ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

ఎల్బీనగర్‌లో దిగి, త్వరగా చేరవచ్చని మెట్రో ఎక్కబోయాను. సంచి యంత్రంలోకి వెళ్లి ఆగిపోయింది. "పెద్దాయనా, డబ్బాల ఏమున్నయ్?" అని తనిఖీ కుర్రవాడు మర్యాదగానే అడిగాడు. చెప్పాను. నమ్మలేదు. తెరిచి చూపించాను. వెనకనున్న వరుస రెండు అడుగులు వెనక్కి జరిగింది. అతడి తప్పేమీ లేదు, నన్ను పక్కకు తీసుకెళ్లి, "బస్సుల పోండ్రి పెద్దాయనా" అని మెల్లగా చెప్పాడు. ముక్కులు మూసుకొని దూరం జరిగినవారిలో ఆదివారం పొద్దున మటన్ దుకాణం ముందు సంచీ పట్టుకొని నిలబడనివారు ఎందరుంటారో లెక్క తేల్చాలని ఆ క్షణాన నాకు అనిపించింది. మేకకు చెవులుంటాయన్న సంగతి నగరానికి తెలియకపోవడం నా నేరం కాదు కదా!

ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టులోకి రానివ్వలేదు, మెట్లెక్కాను. డబ్బాను మెట్ల దగ్గరే పెట్టి రమ్మన్నారు. పెడితే కుక్క ఎత్తుకుపోతుందన్నాను. అలా పోయి ఉంటే నా క్లెయిము అక్కడే ముగిసేది. పదకొండున్నర నుంచి మూడున్నర వరకు వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. ఆ తరువాత అధికారి పిలిచి ఫొటోలు చూశారు. ఒక ఫొటోలో, మేక వెనకాల దూరంగా, మా పంది నిలబడి ఉంది.

"పందులు కూడా ఉన్నాయా మీకు? అయితే ఆరో మేక ట్యాగు పంది మింగి ఉంటుంది," అన్నారాయన. గదిలో ఉన్నవారందరూ నవ్వారు.

పందుల పాకకు, మేకల దొడ్డికి మధ్య నలభై గజాల దూరం ఉందని చెప్పబోయాను. వినలేదు. చెవులలోని నంబర్లను తమ కాగితాలతో సరిచూడాలన్నారు. అటెండరును పిలిస్తే, తాను ముట్టనన్నాడు. అతడిని నేను తప్పు పట్టను. అప్పుడు అధికారి నాతో, "మీరే కడిగి, మీరే చదవండి, మేము టిక్కు పెట్టుకుంటాం," అన్నారు. చేతులు కడిగే చోట ఒక్కొక్క చెవి మీది ఉప్పును, ఎండిన నెత్తుటిని తుడిచి తెచ్చి, బల్లకు ఆరడుగుల దూరంలో నిలబడి, ఎక్కాలు అప్పజెప్పే పిల్లవాడిలా, ఒక్కో ట్యాగు మీది 12 అంకెలనూ బిగ్గరగా చదివాను. అయిదు చెవులు, అరవై అంకెలు. కళ్లజోడు బస్సులో జారి ఒక అద్దం పగిలినందున మూడో చెవి దగ్గర తడబడ్డాను. వెనక బల్ల నుంచి ఎవరో "మే..." అని అరిచారు. మళ్లీ నవ్వులు. నేను తల ఎత్తలేదు. ముప్పై ఒక్క ఏళ్లు వేలమంది ఎదుట టికెట్టు నంబర్లు అరిచిన గొంతు ఆ రోజు వణికింది.

వణికినా, నా దగ్గర ఒక ఆయుధం ఉంది. పాత అలవాటు కొద్దీ, ప్రతి ఆదివారం మందను దొడ్డిలోకి తోలేటప్పుడు బస్సులో టికెట్ల లెక్క రాసే వే బిల్లులాగా ఒక పుస్తకంలో ట్యాగు నంబర్లన్నీ రాస్తాను. ఏ తేదీన ఏ ట్యాగు ఊడింది, ఏజెంటుకు ఏ రోజు ఎన్ని గంటలకు ఫోన్ చేశాను అన్నది కూడా అందులో ఉంటుంది. దానిని బల్ల మీద పెట్టాను. అధికారి రెండు పుటలు తిప్పారు, ఆ తరువాత ఎవరూ నవ్వలేదు. ఆరో మేకకు మాత్రం, "మీ పుస్తకం మాకు సాక్ష్యం కాదు," అన్నారు. చెవే సాక్ష్యమట.

అప్పగించినదానికి రసీదు ఇవ్వమన్నాను. అలాంటి పద్ధతి లేదన్నారు. డబ్బు తీసుకొని టికెట్టు ఇవ్వని కండక్టరును ఏమంటారో నాకు తెలుసునని, రసీదు లేకుండా కదలనని చెప్పి కుర్చీ లాక్కొని కూర్చున్నాను. అయిదు గంటలకు ముద్ర వేసి ఇచ్చారు.

ఆ తరువాత ఒక మేక నంబరులో ఒక అంకెను 6కు బదులు 8 అని ఎక్కించారని కాగితాలు తిరిగి వచ్చాయి. డాక్టరు సార్ అదే రోజు సరిచేసి సంతకం పెట్టారు. మిగిలిన రోజులన్నీ ఫోన్లతో గడిచాయి.

మేకలు పెంచేవారికి నేను చెప్పగలిగినది కొంతే. ట్యాగు కొట్టే మనిషికి టీ ఇచ్చి పక్కకు పోవద్దు, చెవి పట్టుకొని నిలబడి, ఎక్కడ కొట్టాలో వేలు పెట్టి చూపించాలి. వానాకాలంలో ఆ పుండుపై ఈగలు వాలి పురుగులు పడతాయి కాబట్టి మానేవరకు పసుపు, వేపనూనె రాయాలి. మేక చనిపోతే, తలాపున కూర్చొని ఏడ్చే ముందు ఫోన్ తీసి, చెవి, ట్యాగు, మొహం ఒకే ఫొటోలో పడేలా తీయాలి. పచ్చగడ్డి లేచిన కొత్తలో మంచు ఆరేదాకా మందను వదలకుండా, ముందు కాస్త ఎండుమేత పెట్టి పంపాలి. టీకా రెండో మోతాదు రోజున ఎవరి పెళ్లయినా సరే, వెళ్లకూడదు. ఏజెంటు నవ్వు ముఖాన్ని నమ్మమని మాత్రం నేను ఎవరికీ చెప్పను.

నిన్న అదే ఏజెంటు పాలసీ పొడిగింపు కోసం వచ్చాడు. ముందు ఆరో మేక సంగతి తేల్చమన్నాను. అతడు గేటు దగ్గర నుంచే వెళ్లిపోయాడు. మా ఆవిడకు సొమ్ము వచ్చిన సంతోషం కంటే తొక్కు డబ్బా పోయిన బాధే ఎక్కువగా ఉంది. రసీదు తీసి చూపించాను. అందులో "చెవులు 5, ట్యాగులు 5" అని స్పష్టంగా రాసి, ముద్ర వేసి ఉంది. డబ్బా మాట ఎక్కడా లేదు.