బట్టమేక పిట్ట లేని రోళ్లపాడు

నందికొట్కూరు దాటి మిడుతూరు దారి పట్టాక నేల మారిపోతుంది. కాసేపు ఎర్రమట్టి, కాసేపు నల్లరేగడి, మధ్యమధ్య రాళ్లు తేలిన బీళ్లు. డిసెంబరు కావడంతో రేగడి చేలల్లో శనగ పచ్చగా ఉంది. బండి నడుపుతున్న మా బావమరిది అప్పటికే విసుగెత్తిపోయాడు. "అభయారణ్యం అన్నావు కదా బావా, ఒక్క చెట్టయినా లేదేంటి?" అన్నాడు. నల్లమల చూసి పెరిగినవాడికి రోళ్లపాడు చూపించడం కష్టమే. చెట్లు లేకపోవడమే ఇక్కడి విశేషమంటే ఎవరు నమ్ముతారు?

కర్నూలు నుంచి గంట, గంటన్నర ప్రయాణం. ఇప్పుడిది నంద్యాల జిల్లాలో ఉంది. 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త పైన, అంతే. ఇంత చిన్న గడ్డి మైదానానికి దేశమంతా పేరు రావడానికి కారణం బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్). 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త అసద్ రహమానీ, ఆయన బృందం ఈ పక్షి మీద పరిశోధన చేసిన చోట్లలో ఇదొకటి. మగపక్షి నిలబడితే మీటరు ఎత్తు, బరువు 15 కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో అంత బరువైనవి ప్రపంచంలో కొన్నే. జాతీయ పక్షిగా దీన్నే ఎంపిక చెయ్యాలని పక్షి శాస్త్రవేత్త సలీం అలీ వాదించారు కానీ 1963లో నెమలికి ఆ హోదా దక్కింది.

ఇప్పుడు రోళ్లపాడులో బట్టమేక పిట్ట లేదు. కనిపించి ఏళ్లు గడిచిపోయాయి. ఆ సంగతి తెలిసే వెళ్లాను. కంచె వేసి, కాపలా పెట్టి, మనుషుల్ని బయట ఉంచి కాపాడిన చోటు నుంచే ఆ పక్షి ఎందుకు పోయిందో అక్కడివాళ్ల నోట వినాలని.

లోపలికి వెళ్లగానే కృష్ణజింకలు కనిపించాయి. ఆడవీ పిల్లలూ గుంపుగా మేస్తుంటే, మెలితిరిగిన కొమ్ముల మగది ఒకటి తలెత్తి పక్కనే నిలబడి ఉంది. దాని కాళ్ల దగ్గర చాపంత మేర పెంటికల గుట్ట. పైన నల్లగా నిగనిగలాడే తాజావి, అడుగున తెల్లబారి పొడి అవుతున్న పాతవి. రోజూ అదే చోట వేసి "ఇది నా జాగా" అని హద్దు చెప్పుకుంటుందట. రెండో మగది అటు రాబోతే ఇది తల వంచి నాలుగడుగులు ముందుకేసింది. వచ్చినది గుట్ట వైపు ఓసారి చూసి పక్కకు తప్పుకుంది. మావాడు ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు, విసుగు ఎటు పోయిందో!

అభయారణ్యం రాకముందు ఈ జింకలు పదుల్లో ఉండేవి. తర్వాత వందల్లోకి పెరిగాయి. కంచె లోపలి గడ్డి సరిపోతే ఫరవాలేదు, కానీ పక్కనే లేత శనగ ఉంటే అవి గడ్డి ఎందుకు తింటాయి? హద్దు పక్క చేనులో పాత చీరలు కట్టి ఉన్నాయి. ఎరుపు, పసుపు, చెంకీలు ఊడిన ఫ్యాన్సీ చీర ఒకటి, గాలికి రెపరెపలాడుతున్నాయి. మంచె దగ్గర కూర్చున్న రైతు మమ్మల్ని పిలిచి నీళ్లిచ్చాడు.

"చీరలకు భయపడతాయా అన్నా?" అనడిగాను.

"మొదటి వారం భయపడతాయి సార్. తర్వాత వాటికీ తెలుస్తాది, ఇది చీరే, లోపల మనిషి లేడని."

బట్టమేక పిట్ట గురించి అడిగితే కొంచెం నవ్వాడు. "మా నాయన కాలంలో జొన్నచేన్లో తిరిగేదంట. మిడతలు తినేది, గింజ జోలికి పోయేది కాదు. దానితో మాకేం పేచీ లేదు. దాని పేరు చెప్పి కంచె వేసినారు. అది పోయింది, జింకలు మిగిలినాయి."

పండిత భాషలో చెప్పాల్సినదంతా ఆ నాలుగు మాటల్లోనే ఉందనిపించింది. (అప్పుడప్పుడు వేరుశనగ కాయలు కూడా తింటుందని పుస్తకాలు చెబుతాయి. ఆ మాట ఆయనతో అనలేదు.)

ఈ పక్షి ఆరు చదరపు కిలోమీటర్లలో ఇమిడిపోయేది కాదు. ఏడాదికి ఒకే గుడ్డు, అదీ నేల మీద. ఆ గుడ్డు పెట్టడానికి, మగది మెడసంచి ఉబ్బించి ఆడదాన్ని పిలవడానికి అలజడి లేని గడ్డి కావాలి. ఆ మేరకు కంచె ఉపయోగపడింది. మిగతా కాలమంతా అది బయట వర్షాధారపు చేలల్లో, కోత అయిపోయిన జొన్న, కొర్ర పొలాల్లో, గొర్రెలు మేసిన బీళ్లలో తిరుగుతూ బతికింది. అంటే దాని ఇంటిలో సగం రైతూ గొర్రెలకాపరీ కట్టినదే. ఆ సగం ఎవరి లెక్కలోకీ రాలేదు. కాలువ నీళ్లొచ్చాయి. ఏడాదికి ఒక పంట వేసే నేలలో పత్తి, పొగాకు, మొక్కజొన్న వచ్చాయి. బీళ్లు తగ్గాయి, పురుగుమందులు పెరిగాయి. దగ్గర్లోనే అలగనూరు రిజర్వాయరు వచ్చింది. నీళ్లు రావడం తప్పని నేనను. కరవు సీమలో కూర్చుని అలా అనే హక్కు హైదరాబాదు నుంచి వెళ్లినవాడికి అసలు లేదు. మారిన పొలంలో జింక బతకగలిగింది, బట్టమేక పిట్ట బతకలేకపోయింది. అంతే తేడా.

కంచెలోపల గడ్డి సంగతి మరొకటి. మేత పూర్తిగా ఆపేస్తే గడ్డి నడుము ఎత్తున దట్టంగా లేస్తుంది. నాలుగు దిక్కులా చూపు ఆనితే తప్ప ధైర్యంగా నిలబడని పక్షికి అది ఇబ్బందే. మేత మరీ ఎక్కువైతే నేల బోడిగా మిగులుతుంది, మిడతకూ దిక్కుండదు. ఎక్కడ ఎన్ని గొర్రెలు, ఏ నెలలో, ఎన్నాళ్లు అన్నదే అసలు లెక్క. గొర్రెలు తోలుకొస్తూ కలిసిన ఓ పెద్దాయన ఆ లెక్క చాలా మామూలుగా చెప్పాడు: "వానపడి గడ్డి ఎన్ను తీసేదాకా గొర్రెను తోలగూడదు నాయనా. విత్తనం రాలినాక తోలితే గొర్రే నేలలోకి తొక్కుతాది." తోడేళ్ల గురించి అడిగాను. ముందు చాలా ఉండేవట, ఇప్పుడు తక్కువట. తన మందలో పిల్లల్ని ఎత్తుకుపోయిన జంతువు తగ్గిందని ఆయన బాధపడాలని నేను ఆశించలేను. కానీ జింకలు పెరగడానికి అదీ ఒక కారణమై ఉంటుంది.

ఇదేదో మన దగ్గరే జరిగిందనుకోవద్దు. మధ్యప్రదేశ్‌లోని కరేరాలో 1981లో ఈ పక్షి కోసమే అభయారణ్యం పెట్టారు. అక్కడా కృష్ణజింకలు పెరిగాయి, పంటలు పోయి రైతులు ఎదురు తిరిగారు, 1990లలోనే పక్షి కనుమరుగైంది. ఇవాళ దేశం మొత్తం మీద అడవిలో మిగిలినవి 150 లోపే, ఎక్కువ భాగం జైసల్మేర్ ప్రాంతంలో. అక్కడ కరెంటు తీగలు పెద్ద సమస్య. ఈ పక్షికి ఎదురుగా చూసే చూపు తక్కువ, బరువు ఎక్కువ, తీగ కనబడే సరికే పక్కకు తిరగలేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2021లో ఉత్తర్వులు వచ్చిన గొడవ అదే. కర్నూలు వైపు గని, శకునాల ఊళ్ల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. సోలార్ కావాలి, నిజమే. కానీ చెట్లు లేని నేల కనబడితే చాలు, ఖాళీగా ఉందనుకునే అలవాటు మాత్రం మనకు పోలేదు.

సాయంత్రం ఐదున్నరకు వాచర్ మమ్మల్ని గట్టు పక్కన కూర్చోబెట్టి కదలొద్దన్నాడు. పిల్లిగద్దలు (హారియర్లు) రావడం మొదలైంది. మొదట ఒకటి, తర్వాత రెండు మూడు, చీకటి పడేసరికి లెక్క తప్పింది. సన్నటి రెక్కలు పైకెత్తి గడ్డి మీద తేలుతూ వచ్చి, ఉన్నట్టుండి కాళ్లు కిందికి వదిలి గడ్డిలోకి దిగిపోతాయి. దిగిన చోట గడ్డి ఒక్కసారి ఊగి ఆగుతుంది. చెట్టెక్కవు, నేల మీదే నిద్ర. కజకిస్తాన్ మైదానాల నుంచి చలికాలానికి వచ్చే పక్షులివి. ఒకప్పుడు ఇక్కడ వందల్లో దిగేవి, ప్రపంచంలోనే పెద్ద గుంపుల్లో ఒకటిగా చెప్పుకునేవారు.

మర్నాడు పొద్దున అవి లేచిపోయాక వాచర్ ఒక ఉండ తెచ్చి చేతిలో పెట్టాడు. గద్ద అరగనిది కక్కేసిన ఉండ, బొటనవేలంత. వేళ్లతో నలిపితే మిడత కాళ్లు రాలాయి. రంపపు పళ్లున్న ఆ ఎండిన ముక్కలు గోధుమరంగులో గలగలమన్నాయి. కొన్ని బొచ్చు పోగులు, బహుశా ఎలుకవి. ఈ గద్దలు పగలంతా చుట్టుపక్కల చేలల మీద తిరిగి మిడతలు ఏరుకు తిని, రాత్రికి గడ్డిలోకి వస్తాయి. చేలల్లో మందు ఎక్కువ కొడితే ఉండలో కాళ్లు తగ్గుతాయి, గద్దలూ తగ్గుతాయి. ఆ మాట చీరలు కట్టిన రైతుకు చెబితే, "మందు కొట్టకుంటే శనగపురుగును ఆ గద్దలు పడతాయా సార్?" అన్నాడు. కొంతవరకే పడతాయి. ఎంతవరకు అన్నది ఆయన చేనులో కూర్చుని లెక్క తేల్చి చెప్పేవాళ్లు కావాలి.

వెళ్లాలనుకుంటే డిసెంబరు, జనవరి మంచివి. భోజనం నందికొట్కూరులోనే కానిచ్చుకోండి, లోపల టీ కూడా దొరకదు. సాయంత్రం గద్దలు దిగే గడ్డిలోకి నడవొద్దు, టార్చి వెయ్యొద్దు. ఒక్కసారి బెదిరితే చీకట్లో మళ్లీ చోటు వెతుక్కోవాలి అవి. పొద్దున అలగనూరు రిజర్వాయరు వైపు ఓ చుట్టు తిరగండి. మంచె దగ్గర ఎవరైనా ఉంటే ఆగి మాట్లాడండి, రాత్రంతా మేలుకున్నవాళ్లు కాబట్టి పొద్దున్నే లేపకుండా.