బారా కమాన్: కప్పు లేని చోట కమాను గుట్టు

కలబురగి మీదుగా విజయపుర (బీజాపూర్) చేరిన మనవాళ్లు దిగీదిగగానే గోల్ గుంబజ్‌కే పరుగు తీస్తారు. బారా కమాన్‌కు రమ్మంటే ఆటోవాళ్లు "అక్కడేముంది, కప్పు కూడా లేదు" అంటూనే రెట్టింపు అడిగారు. నాకు కావాల్సింది ఆ కప్పు లేకపోవడమే.

బీజాపూర్ సుల్తాన్ రెండో అలీ ఆదిల్‌షా సమాధి కోసం మొదలై, ఆయన 1672లో పోయేనాటికీ పూర్తికాని కట్టడం ఇది. ఎత్తైన తిన్నె మీద నల్లరాతి కమానులు బారులు తీరాయి. మన చార్మినార్ కింద ఎన్నిసార్లు నిలబడినా గచ్చుపూత చాటున రాళ్ల అతుకులు కనబడవు. ఇక్కడ దాపరికం లేదు.

ముందు చూడాల్సింది నిలువు కట్టు ఆగి వంపు మొదలయ్యే చోటు. అక్కడి నుంచి ప్రతి రాయీ పైవైపు వెడల్పుగా, లోపలివైపు సన్నగా ఉండాలి. అతుకు గీత కేంద్రం వైపు చూడాలి. గుండ్రటి కమానుకు కేంద్రం ఒకటే. మొనదేలిన దానికి కనీసం రెండు: ఎడమ సగాన్ని కుడివైపు కేంద్రం నుంచి, కుడి సగాన్ని ఎడమవైపు నుంచి గీస్తారు. మొన ఎంత లేస్తే కాళ్ల మీద పక్కతోపు, అంటే వాటిని బయటికి నెట్టే బలం, అంత తగ్గుతుంది.

ఆ తోపుతోనే చిక్కంతా. కాళ్లు కాస్త దూరం జరిగినా నడినెత్తిన కిందివైపు, భుజాల దగ్గర పైవైపు అతుకులు నోరు తెరుస్తాయి. భుజాల మీద రాయీ సున్నమూ నింపేది ఆ బరువుతో వాటిని అదిమి ఉంచడానికే. పైరాయి పడేదాకా కమాను తనంతట తాను నిలవదు, బరువంతా సెంట్రింగ్ చెక్కలదే. విప్పేటప్పుడు కింద దోపిన చెక్కముక్కల్ని అన్నివైపులా కొద్దికొద్దిగా వదులు చెయ్యాలి. సున్నం నిదానంగా గట్టిపడుతుంది, తొందరపడి ఒకపక్కే లాగేస్తే వంపు ఒరిగిపోతుంది.

ఎక్కువసేపు నిలబెట్టేసింది మాత్రం వరస చివరి కమాను. మధ్యలో ఉన్నవాటికి ఎడమ తోపునూ కుడి తోపునూ పక్క కమానులే సరిచేస్తాయి, అందుకే సన్నటి కాళ్లతో నెగ్గుకొస్తాయి. చివరిదానికి అవతల ఆసరా లేదు. ఆ తోపంతా కాలి బరువే కాయాలి. నడుమ ఒక్కటి కూలినా దాని రెండు పక్కలవీ చివరి కమానులైపోతాయి.

గోల్ గుంబజ్ చేరేసరికి గేటు మూసేస్తున్నారు.