జింకలు మేయాలని చేను వేస్తున్నా

మా ఆదోని వైపు జింక అంటే రైతుకు టెన్షన్. పత్తి మొలక రెండాకులు వేసిందో లేదో, తెల్లారేసరికి కృష్ణజింకల మంద దిగి సాళ్ళకు సాళ్ళు ఖాళీ చేసి పోతుంది, చట్టం ప్రకారం వాటి మీద చెయ్యి వేయడానికి లేదు, పాత చీరలు కట్టి, డబ్బాలు కొట్టి కాపలా కాయాల్సిందే. అక్కడ పుట్టినవాణ్ణి ఇప్పుడు అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో జింకలొచ్చి మేయాలని చేతి డబ్బు పెట్టి దున్నించి విత్తుతున్నా. ఈ మాట ఫోన్‌లో చెబితే మా నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అనుములు కూడా వేస్తావేంరా వాటికి?" అన్నాడు ఎగతాళిగా. వేస్తా నాన్నా, నిజంగానే వేస్తా. దాని సంగతి కిందకు వస్తే చెబుతా.

వీటిని ఇక్కడ ఫుడ్ ప్లాట్లు అంటారు. అడవి అంచున పావు ఎకరం నుంచి రెండు మూడు ఎకరాల వరకూ, కోత అనేది ఉండదు, పండిందంతా వైట్‌టెయిల్ జింకలకే. ఎక్కువగా వేసేది వేటగాళ్ళు, కొంతమంది చూడ్డానికి మాత్రమే వేస్తారు. మా పక్క స్థలం పెద్దాయన మొదటి రకం, నేను రెండో రకం అనుకోండి, కానీ ఆయనిచ్చే మాంసం మాత్రం వద్దనను.

కొత్తగా స్థలం కొన్న మనవాళ్ళు నన్ను మొట్టమొదట అడిగేది "ఏ విత్తనం కొనాలి?" అని. అది ఆఖరున అడగాల్సింది. జార్జియా ఎర్రమట్టి చూడ్డానికి మన ఎర్రచెలక లాగే ఉంటుంది కానీ చాలాచోట్ల బాగా పులుపు, పీహెచ్ 5 చిల్లర. జింకలు ఇష్టంగా మేసే క్లోవర్ అనే పప్పుజాతి మేతకు 6 పైన కావాలి, 6.5 అయితే ఇంకా మంచిది. పులుపు నేలలో మీరు ఎంత ఎరువు వేసినా పైరుకు సరిగ్గా అందదు. అందుకని ముందు మట్టి తీసి కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో (మన వ్యవసాయ శాఖ ఆఫీసు లాంటిది) ఇవ్వండి, కొద్ది డాలర్లకే పరీక్ష చేసి ఎకరాకు ఎంత సున్నం వేయాలో చెబుతారు. టన్ను, రెండు టన్నులు అని వస్తే కంగారు పడకండి, ఇక్కడ అది మామూలే. కాకపోతే సున్నం ఇవాళ చల్లితే రేపు పనిచేయదు, నెలలు పడుతుంది, కాబట్టి సెప్టెంబరులో విత్తాలంటే ఆ ఏడాది మొదట్లోనే చల్లేసి మట్టిలో కలిపేయాలి.

ఇక విత్తనం సంచి. దాని మీద ఇంతింత కొమ్ముల మగజింక బొమ్మ ఉంటే ధర రెట్టింపు. బొమ్మ వదిలేసి సంచికి కుట్టిన చీటీ చదవండి. లోపల ఉండేది ఓట్స్, గోధుమ, క్లోవర్, కాస్త ముల్లంగి జాతి, ఇవన్నీ రైతులకు సరుకులమ్మే కొట్టులో విడివిడిగా చవకగా దొరుకుతాయి. చవక మిశ్రమాల్లో రైగ్రాస్ అనే గడ్డి ఎక్కువ కలుపుతారు, అది ఒకసారి నేలలో పడిందంటే తర్వాత కలుపై కూర్చుంటుంది. రై అనే ధాన్యం వేరు, రైగ్రాస్ వేరు, మొదటిది మంచిదే. క్లోవర్ గింజ ఆవగింజకన్నా చిన్నది, లోతుగా పడితే పైకి రాలేదు, పైపైన చల్లి రోలర్‌తో ఒత్తితే చాలు.

ఎండాకాలం పైర్లు మాత్రం మన ఇంటి సరుకే. అలసందలు, జనుము, అనుములు! అనుములను ఇక్కడ లాబ్‌లాబ్ అంటారు, మే నెలలో నేల వేడెక్కాక వేస్తే తీగ సాగి దట్టంగా కమ్మేస్తుంది, ఆకులో మాంసకృత్తులు ఎక్కువ, సరిగ్గా మగజింకలకు కొమ్ములు పెరిగే కాలమే అది. కృష్ణజింక కొమ్ము జీవితాంతం ఉంటుంది కానీ వైట్‌టెయిల్‌కు ఏటా రాలిపోయి మళ్ళీ మొదటినుంచి రావాలి, అందుకే ఆ మేత మీద ఇక్కడి వేటగాళ్ళకంత మోజు. జనుము పక్కన వేస్తే తీగ దాని మీద పాకుతుంది. గింజలకు రైజోబియం (వేళ్ళలో చేరి నత్రజని అందించే బాక్టీరియా) పట్టించడం మన దగ్గర బెల్లం పానకంతో చేస్తాం కదా, ఇక్కడ కొందరు కోక్ పోసి కలుపుతారు. పని జరుగుతుంది లెండి. ఒక్క జాగ్రత్త, క్లోవర్‌కు వాడే రైజోబియం అలసందలకు పనికిరాదు, ప్యాకెట్ చూసి కొనండి.

అనుములతో ఇబ్బంది ఏమిటంటే జింకలకు అవి మరీ ఇష్టం. అర ఎకరంలో వేస్తే మొలక దశలోనే కొనలన్నీ కొరికేస్తాయి, ఇక తీగ సాగేదెక్కడ! రెండెకరాలైనా ఉండాలి, లేదా మొదటి నెలన్నర రెండు నెలలు కరెంటు కంచె పెట్టాలి. లోపల రెండు తీగలు, దానికి మూడడుగుల అవతల ఇంకొక తీగ. జింకకు దూరం అంచనా సరిగ్గా ఉండదు కాబట్టి రెండు వరసలు చూసి దూకడానికి వెనకాడుతుంది. జింకలను పిలవడానికి వేసిన చేనుకు జింకలు రాకుండా కంచె, మా నాన్నకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

సెప్టెంబరు పైరుకు ఇంకో శత్రువుంది, కత్తెర పురుగు. 2018లో మన దేశానికి వచ్చి మొక్కజొన్నను పీల్చి పిప్పి చేసిందే, అదే. ఈ ఖండాలే దాని పుట్టిల్లు. లేత ఓట్స్, గోధుమ మీద పడితే రెండు మూడు రోజుల్లో చేను బోడి. చేను చూడ్డానికి వారాంతం వరకూ ఆగకండి.

చేను పనిచేస్తోందా లేదా అని తెలియాలంటే ఇనుప జాలీ గుండ్రంగా చుట్టి మధ్యలో ఒకటి నిలబెట్టండి. మా దాంట్లో జాలీ లోపల క్లోవర్ పిక్కల దాకా ఉంది, బయట చాప పరిచినట్టు నేలకంటుకుని ఉంది. జాలీ లేకపోతే పైరు ఎదగలేదు అనుకుని ఇంకో సంచి ఎరువు పోసేవాళ్ళం. మేసింది ఎవరో కూడా కాడ చూస్తే తెలిసిపోతుంది. జింకకు పైదవడ ముందు పళ్ళుండవు, కొరికి లాగుతుంది, కాబట్టి కాడ చివర పీచులు తేలి చిరిగినట్టు ఉంటుంది. కుందేలు కొరికితే కత్తితో ఏటవాలుగా కోసినట్టే.

అక్టోబరులో ఒకరోజు హఠాత్తుగా జింకలు మాయమవుతాయి. కంగారు పడి కొత్త విత్తనం కొనకండి. తెల్ల ఓక్ కాయలు రాలడం మొదలైంది, అంతే. ఆ కాయల ముందు మన క్లోవర్ ఎందుకూ పనికిరాదు, కాయలు అయిపోయాక జింకలు వాటంతట అవే తిరిగొస్తాయి. అసలు నన్నడిగితే డబ్బు తక్కువున్నవాళ్ళు చేను పక్కనబెట్టి, పనికిరాని చెట్లు నాలుగు కొట్టి అడవి నేలకు ఎండ తగలనివ్వడం మేలు, దానంతటదే మొలిచే మేత మనం వేసేదానికన్నా ఎక్కువ.

మొక్కజొన్న గింజలు పోసే ఫీడర్ సులువు కదా అంటారు. సులువే. కానీ తడిసిన గింజలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం వస్తుంది, వేరుశనగ రైతులకు చెప్పక్కర్లేదు. పైగా అన్ని జింకలూ ఒకేచోట మూతి పెడతాయి. మెదడును తినేసే సీడబ్ల్యూడీ జబ్బు జార్జియాలో 2025 జనవరిలో మొదటిసారి బయటపడింది, అది లాలాజలంతో కూడా పాకుతుంది. నేను మాత్రం ఫీడర్ పెట్టను. ఎర వేసి వేటాడటం మీద రూల్స్ ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటాయి, మీ దగ్గర ఎలా ఉందో చూసుకోండి.

జింకలు మరీ ఎక్కువైతే ఏ చేనూ ఆనదు. ఇక్కడ సీజనుకు ఒక్కో వేటగాడికి 12 వరకూ అనుమతి, అందులో కొమ్ములున్నవి రెండే, అంటే ఆడవాటినే తగ్గించమని అర్థం. మా పక్క స్థలం పెద్దాయన ఇదివరకు కొమ్ముల కోసమే కూర్చునేవాడు, పోయినేడాది నుంచి ఆడవాటిని కూడా కొడుతున్నాడు, అప్పట్నుంచి జాలీ బయట క్లోవర్ కూడా కాస్త పైకి లేస్తోంది.