బయటి దేశపు సబ్‌స్టేషన్‌లో డీఆర్ (డిస్టర్బెన్స్ రికార్డు) చదవాలంటే

గల్ఫ్‌కో అమెరికాకో ప్రొటెక్షన్ ఇంజినీరుగా వచ్చేవాళ్లకు రిలేలు, అంటే ఫాల్ట్ (షార్ట్ సర్క్యూట్ లాంటి లోపం) పసిగట్టి బ్రేకర్‌ను ట్రిప్ చేయించే పరికరాలు, కొత్తేమీ కాదు. మన దగ్గర చూసిన మోడళ్లే ఇక్కడా ప్యానెళ్లలో కనిపిస్తాయి. చిక్కంతా ఫాల్ట్ తర్వాత రిలే నుంచి తీసే డిస్టర్బెన్స్ రికార్డుతోనే, అంటే ఆ క్షణాల కరెంటు, వోల్టేజి వేవ్‌ఫారాల ఫైలుతోనే.

ముందు ఫ్రీక్వెన్సీ. సౌదీలో 60 హెర్ట్జ్, చుట్టుపక్కల కువైట్, ఖతార్, యూఏఈ, ఒమన్‌లలో 50. ‘ఐదు సైకిళ్లలో క్లియరైంది’ అంటే ఒకచోట 100 మిల్లీసెకన్లు, ఇంకోచోట 83. అందుకే రిపోర్టులో మిల్లీసెకన్లే రాయడం మేలు.

మూడు ఫేజుల పేర్లు ఆర్-వై-బీ కాస్తా ఏ-బీ-సీ అయినంత మాత్రాన నష్టం లేదు. కానీ అమెరికాలో కొన్ని యుటిలిటీల్లో ఫేజ్ రొటేషనే (ఫేజులు ఒకదాని తర్వాత ఒకటి వచ్చే వరుస) ఏ-సీ-బీ. రిలేలో ఏ-బీ-సీ అని వదిలేస్తే మామూలు లోడు కూడా నెగటివ్ సీక్వెన్స్‌గా (ఫేజుల అసమతుల్యతకు గుర్తుగా) కనపడుతుంది. లైను లోడు మీదున్నప్పుడు మాన్యువల్ ట్రిగ్గర్ ఇచ్చి ఒక రికార్డు తీస్తే ఇది తేలిపోతుంది. అందులోనే మూడు ఫేజుల కరెంట్లు కూడి చూడండి. దాదాపు సున్నా రాకపోతే ఏదో ఒక సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) పోలారిటీ తిరగబడి ఉండొచ్చు.

ఇక కామ్‌ట్రేడ్ ఫైలు, అంటే ఈ రికార్డులు దాచే ప్రామాణిక ఫార్మాట్. వేవ్‌ఫారం చూసే తొందరలో చానళ్ల వివరాలుండే సీఎఫ్‌జీ ఫైలును ఎవరూ తెరవరు, తప్పులన్నీ ఉండేది అక్కడే. 1991 ఫార్మాట్‌లో తేదీకి నెల ముందు, 1999లో రోజు ముందు. 03/04 అంటే మార్చా, ఏప్రిలా? 1999 ఫార్మాట్ నుంచి అనలాగ్ చానల్ (కరెంటు, వోల్టేజి) లైను చివర పీ లేదా ఎస్ అక్షరం ఉంటుంది, విలువలు ప్రైమరీవా (లైను వైపు) సెకండరీవా (రిలే వైపు) అని. ఆ అక్షరం తప్పుగా ఉంటే 1200/5 సీటీకి ఫాల్ట్ కరెంటు 240 రెట్లు తేడా వస్తుంది. లైనుకు ఒక చివర యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం), రెండో చివర లోకల్ టైము పెట్టి ఉండటం కూడా మామూలే. జీపీఎస్ సింక్ పోయి టైము నమ్మలేనప్పుడు రెండు రికార్డుల్లోనూ ఫాల్ట్ మొదలైన బిందువులను కలిపేయండి. వంద కిలోమీటర్ల లైనులోనూ ఫాల్ట్ రెండు చివరల్లో కనపడే సమయాల తేడా మిల్లీసెకను లోపే.

రికార్డింగ్ మొదలెట్టే ట్రిగ్గర్‌ను ట్రిప్ మీద మాత్రమే పెట్టడం పాత జబ్బు. ఫాల్ట్ చూసి కూడా ట్రిప్ కాని పక్క ఫీడర్ రిలేలో అప్పుడు రికార్డే ఉండదు. పికప్ (రిలే ఫాల్ట్‌ను గుర్తించిన క్షణం) మీద కూడా పెట్టాలి. అమెరికాలో పీఆర్‌సీ-002 ప్రమాణం ఒక రికార్డుకు కనీసం 30 సైకిళ్లు, అందులో ఫాల్ట్‌కు ముందు 2 సైకిళ్లు, సైకిల్‌కు 16 శాంపిళ్లు అడుగుతుంది. 30 సైకిళ్లంటే అక్కడ అర సెకనే. రీక్లోజ్ (ట్రిప్ అయిన బ్రేకర్‌ను మళ్లీ మూయడం) అంతకన్నా ఆలస్యమైతే రీట్రిగ్గర్ (రికార్డింగ్ మళ్లీ మొదలయ్యే సెట్టింగు) ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

మెమొరీ నిండితే పాతవి చెరిగిపోతాయి. టెస్ట్ కిట్ కలిపి రిలేలోకి కరెంటు ఇంజెక్షన్ మొదలెడితే అసలు ఫాల్ట్ రికార్డును టెస్ట్ రికార్డులే తోసేస్తాయి. కాబట్టి ముందు డౌన్‌లోడ్, తర్వాతే కిట్. తీసేటప్పుడు ఫిల్టర్ చేయని రా శాంపిళ్లే తీయండి, ఫిల్టరైన ఫైల్లో సీటీ శాచురేషన్ (సీటీ కోరు నిండిపోయి వేవ్‌ఫారం వంకరపోవడం) సరిగా కనపడదు.

బ్రేకర్ టైముకు ఆగ్జిలరీ కాంటాక్టును (బ్రేకర్ తెరిచుందో మూసుందో చెప్పే స్విచ్) నమ్మొద్దు. అది మెకానిజం కదలికను చూపిస్తుంది, ఆర్క్ ఆరిన క్షణాన్ని కాదు. ట్రిప్ అవుట్‌పుట్ నుంచి మూడు ఫేజుల కరెంట్లలో ఆఖరిది సున్నాకు చేరేదాకా కొలవాలి. 60 హెర్ట్జ్‌లో మూడు సైకిళ్ల బ్రేకర్‌కు 50 మిల్లీసెకన్లు సరిపోవాలి. 90 వచ్చిందంటే రిలే సెట్టింగులు తవ్వుకుంటూ కూర్చోకుండా ఆ వేవ్‌ఫారం జతచేసి బ్రేకర్ మెయింటెనెన్స్ వాళ్లకు పంపండి, ట్రిప్ కాయిల్‌నూ మెకానిజం గ్రీజునూ వాళ్లు చూసుకుంటారు.