రెండు భాషలొచ్చిన సిస్టర్ మీద పడే బరువు

ఒడిశాలోని బరంపురం ఆసుపత్రుల్లో పనిచేసే మా తెలుగు నర్సులకి ఇంకో పని కూడా ఉంటుంది, అది ఏ డ్యూటీ చార్టులోనూ రాయరు. ఆంధ్రాలోని సోంపేట, కవిటి వైపు నుంచి వచ్చే పేషెంట్ల తాలూకు వాళ్లలో కొందరికి ఒడియా అంతగా రాదు. డాక్టరుగారు ఒడియాలో నాలుగు ముక్కలు చెప్పి పక్క బెడ్ దగ్గరికి వెళ్లిపోతే "సిస్టరమ్మా, ఏటన్నారు?" అని మా మొహం చూస్తారు. మంచి కబురైతే ఎంత సంతోషమో. ఇక ఆశ లేదనే మాటైతే అదీ మా నోటి నుంచే రావాలి, వాళ్లు మా చెయ్యి పట్టుకుని ఏడుస్తారు, ఒక్కోసారి ఆ కోపమంతా మా మీదే చూపిస్తారు, అయినా వెంటనే పక్క పేషెంటుకి సెలైన్ మార్చడానికి వెళ్లాల్సిందే.

ఇదంతా నాతోపాటే ఇంటికొస్తుంది. నైట్ దిగి పొద్దున్న పడుకుంటే నిద్ర రాదు, వెలుతురు పడితే నిద్రకి సాయపడే మెలటోనిన్ తగ్గిపోతుంది కదా, కాస్త కునుకు పట్టినా మానిటర్ మోగినట్టనిపించి లేచి కూర్చుంటాను. పిల్లాడు స్కూలు కబుర్లు చెప్తుంటే చెవిన పడతాయి గానీ బుర్రకెక్కవు. అత్తయ్యగారు కూరలో ఉప్పు తగ్గిందన్నా నా గొంతు లేస్తుంది. సంపాదిస్తున్నానని పొగరనుకున్నారు ఇంట్లో. మాట్లాడే ఓపికే ఉండేది కాదు నాకు.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో మెడికల్ కాలేజీ ఆసుపత్రి వార్డుల్లో ముగ్గురు పేషెంట్లకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలి. నేను పనిచేసిన ఏ వార్డులోనూ ఆ లెక్క చూడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో బర్నౌట్‌ని, అంటే పని భారంతో ఒళ్లూ మనసూ పూర్తిగా అలిసిపోవడాన్ని, జబ్బుల్లో చేర్చలేదు, పనిచోట ఎడతెగని ఒత్తిడి వల్ల వచ్చేదనే చెప్పింది. అలాంటప్పుడు యోగా చెయ్యి, ధైర్యంగా ఉండు అని మాకు చెప్తే సరిపోతుందా? డ్యూటీలు వేసేవాళ్లు కూడా మారాలి.

నిద్ర మరీ పాడైనప్పుడు మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేశాను. ఏ వేళైనా చెయ్యొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. తోటి సిస్టర్లందరికీ ఆ నంబరు ఇచ్చాను.

చెడ్డ కబురు చెప్పేటప్పుడు డాక్టరు పక్కనే ఉండాలని, నైట్ల తర్వాత ఇచ్చే ఆఫ్ కొయ్యొద్దని మేమంతా కలిసి ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని అడిగాం. కొందరు డాక్టర్లు ఇప్పుడు నిలబడుతున్నారు. ఆఫ్‌ల సంగతి ఇంకా తేలలేదు, మళ్లీ అడుగుతాం.