నేరం అయిపోయింది

పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని కోరుతూ, సంపాదకవర్గంలో ఉన్న మన తరగతి మిత్రురాలు ఒక షరతు పెట్టింది. సాధించిన విజయాల గురించి అందరూ రాస్తారు కాబట్టి అవి వద్దనీ, తోటివాళ్లకు తెలియని చిన్నచిన్న సంగతులు, అలవాట్లు, చాదస్తాలు ఉంటే అవే రాసి పంపమనీ చెప్పింది. ఆ షరతు నాకు బాగానే కలిసివచ్చింది. బ్యాంకులో మూడు దశాబ్దాలు పనిచేసి ఎవరి డబ్బూ పోగొట్టకుండా బయటపడ్డాననడం తప్ప విజయాల పద్దులో నేను రాసుకోగలిగింది ఏమీ లేదు. చాదస్తాలకు మాత్రం కొదవ లేదు. వాటిని ఒక కాగితం మీద వరసగా రాసుకుంటూ పోతే తేలినదేమిటంటే, మా ఇంట్లోవాళ్లు నావని వెక్కిరించేవాటిలో చాలా భాగం నాకు పుట్టుకతో వచ్చినవి కావు. మదరాసు జార్జిటౌనులోని మన బడీ, దాని చుట్టూ ఉన్న నాలుగు వీధులూ కలిసి నాకు అంటగట్టినవి.

మొదటిది లెక్కల సంగతి. నేను డబ్బు తెలుగులో లెక్కపెడతాను, ఫోను నంబరు తమిళంలో చెబుతాను, తేదీ ఇంగ్లీషులో తలుచుకుంటాను, ఈ మూడింటినీ తారుమారు చేయడం నా వల్ల కాదు. ఫోను నంబరుకు కారణం సులభంగానే దొరికింది. మేమున్న ఇంట్లో ఆరు వాటాలుండగా కింది వాటాలోని తమిళ వ్యాపారిగారికి మాత్రమే టెలిఫోను ఉండేది. ఊళ్లో ఉన్న చుట్టాలకు ఆ నంబరు అప్పజెప్పే బాధ్యత నాది కావడంతో ఆయన పలికినట్లే బట్టీపట్టాను. డబ్బు లెక్క మాత్రం పూర్తిగా మన బడి పుణ్యమే. ప్రార్థన కాగానే ఇరవయ్యో ఎక్కం వరకూ గొంతెత్తి చదివించేవారు. తడికెకు అవతల తమిళ మాధ్యమం పిల్లలూ అదే సమయంలో తమ ఎక్కాలు మొదలుపెట్టేవారు కాబట్టి, మన గొంతు వాళ్ల గొంతును మించకపోతే మాస్టారు మళ్లీ మొదటినుంచి చదివించేవారు. పదమూడు ఏడ్లు తొంభై ఒకటని నేను ఈనాటికీ కొంచెం అరిచినట్లే అనుకుంటాను. ఉత్తరాదిలో రెండేళ్లు పనిచేసినప్పుడు, క్యాష్ కౌంటరులో నోట్ల కట్ట చేతిలోకి తీసుకోగానే నా పెదవులు కదలడం చూసి, ఈమె డబ్బు ముట్టుకునే ముందు ఏదో మంత్రం చదువుతుందని అక్కడి సహోద్యోగులు నమ్మారు. నేనూ కాదనలేదు. నా కట్టల్లో లెక్క తప్పకపోవడానికి అదే కారణమని వాళ్లు అనుకుంటూంటే వినడం బాగుండేది.

ఇక ఈ వ్యాసానికి పేరైన సంగతి చెబుతాను. మా అమ్మది నెల్లూరు. నాకు పన్నెండేళ్లున్నప్పుడు అక్కడ మా పెద్దమ్మ కూతురి పెళ్లికి వెళ్లాము. విడిదింటికి బయలుదేరడం ఆలస్యమవుతూంటే నేను గుమ్మంలో నిలబడి, "పెద్దమ్మా, నేరం అయిపోయింది, అవసరంగా రండి" అని కేక పెట్టాను. ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. లోపల పూలు కడుతున్నవాళ్లు లేచి వచ్చారు. నేరమంటే తమిళంలో పొద్దు, అవసరమంటే అక్కడ తొందర. మా వీధిలో తెలుగువాళ్లంతా ఆ రెండు మాటలనూ ఆ అర్థంలోనే వాడేవారు కనుక, నేను మాట్లాడుతున్నది అచ్చమైన తెలుగేనని నా నమ్మకం. ఏ నేరం జరిగిందో, దానికి పెద్దమ్మ అవసరం ఎందుకు పడిందో తెలియక వాళ్లు కంగారుపడ్డారు. ఆ రోజు నుంచి నెల్లూరులో నాకు అరవపిల్ల అనే పేరు స్థిరపడింది. ఇక్కడ మదరాసులో మాత్రం పక్కవాటా వాళ్లకు నేను తెలుగుపిల్లనే. ఇప్పటికీ మా బంధువుల్లో ఎవరు ఆలస్యం చేసినా, నాకంటే చిన్నవాళ్లు సైతం, "నేరం అయిపోయింది" అనే అంటారు.

అయితే నెల్లూరులో ఒక్క విషయంలో నాకు గౌరవం దక్కేది. అరటిపండును తమిళంలో ఏమంటారో చెప్పమని పిల్లలు నా చుట్టూ చేరి, వాఴైప్పఴం అనే ఆ మాటలో రెండుసార్లు వచ్చే ఆ వింత అక్షరాన్ని నా నోట పలికించుకుని, తాము ప్రయత్నించి, నాలుక మడతపడక ఓడిపోయేవారు. అది నిజానికి మనకు పరాయి అక్షరం కాదనీ, ప్రాచీన తెలుగు శాసనాల్లో ఴ అనే రూపంలో ఉండి తర్వాత వాడుకలోంచి జారిపోయిందనీ మన తెలుగు మాస్టారు ఒకసారి నల్లబల్ల మీద రాసి చూపించారు. మరుసటి సెలవుల్లో ఆ సంగతి నెల్లూరు వెళ్లి చెబితే ఎవరూ నమ్మలేదు.

కొసరు అడగకుండా ఏ అంగడి నుంచీ కదలలేకపోవడం నా మరో బలహీనత. మన చిన్నతనంలో కూరగాయలంటే కొత్వాల్ చావడి. తెల్లవారుజామున బళ్లు దిగుతూంటే ఆ సందుల్లో కుళ్లిన ఉల్లి, పచ్చి కొత్తిమీర, గోనెసంచులు, గేదెలు, అన్నింటి వాసనా కలిసి ఒకటే వాసనగా బడి దాకా వచ్చేది. 1996లో టోకు వ్యాపారం కోయంబేడుకు తరలిపోయాక ఆ వాసనా వెళ్లిపోయింది. మా అమ్మ బేరమంతా ముగించి, డబ్బు చేతిలో పెట్టేముందు కొసరు అనే ఒక్క మాట అనేది. తమిళ వ్యాపారి కూడా ఆ మాటనే కొసురు అని తన భాషలో పలుకుతూ గుప్పెడు కరివేపాకు సంచిలో వేసేవాడు. ఇక్కడి తమిళంలో కలిసిపోయిన తెలుగు మాటల్లో అన్నిటికంటే లాభసాటిది ఇదేనని నా అభిప్రాయం. కిందటి ఏడాది ఒక పెద్ద సూపర్‌మార్కెట్టులో బిల్లు చెల్లించాక అలవాటు చొప్పున ఆ మాట నా నోటివెంట వచ్చింది. కౌంటరులో ఉన్న అమ్మాయి కంప్యూటరులో ఆ పేరుతో వస్తువు ఉందేమోనని వెతికింది.

బస్సు నేర్పిన అలవాటు కూడా ఒకటుంది. అప్పట్లో మదరాసు సిటీ బస్సులైన పల్లవన్ బస్సుల్లో కండక్టరు తన సీటులోంచి లేవకుండా టిక్కెట్టు ఇచ్చేవాడు. ప్రయాణికులే డబ్బును చేయి మార్చి చేయి ఆయనకు చేర్చి, టిక్కెట్టును, చిల్లరను అదే దారిలో వెనక్కి పంపేవారు. అందువల్ల ఎవరు ఏది నా ముందుకు చాపినా దాన్ని అందుకుని పక్కవాళ్లకు ఇచ్చేయడం నా చేతికి అలవాటైపోయింది. బ్యాంకులో నాకు వీడ్కోలు సభ జరిగినప్పుడు వేదిక మీద మేనేజరుగారు జ్ఞాపికను నా చేతికిస్తే, నేను దాన్ని అందుకుని ఎంతో శ్రద్ధగా నా పక్కనున్న ఆయనకు అందించాను. ఫోటోలో ఆ జ్ఞాపిక ఆయన చేతిలోనే ఉంది.

నీళ్ల సంగతికి వస్తే మాత్రం నన్ను ఎవరూ నవ్వి ఊరుకోరు, కోప్పడతారు. ఉదయం పేపరు రాగానే అందరూ మొదటి పుట చూస్తే నేను లోపలి పుటలో పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం చెరువుల్లో ఆ రోజు నీరెంత ఉందో వేసే చిన్న పట్టిక చూస్తాను. పోయిన ఏడాది ఇదే రోజున ఎంత ఉందో కూడా పక్కనే వేస్తారు, అదీ చూస్తాను. ఇంట్లో ఖాళీ బిందె కనబడితే నింపకుండా ఉండలేను. పై అంతస్తులో ఇరవై నాలుగు గంటలూ నీళ్లు వచ్చే అపార్టుమెంటులో ఉంటున్నా, వంటగదిలో మూడు బిందెలు, స్నానాలగదిలో ఒక డ్రమ్ము నిండుగా ఉండకపోతే నాకు నిద్ర రాదు. నాలుగింటికి మెలకువ వచ్చేస్తుంది, అలారం అక్కర్లేదు. ఆ వేళకే మా వీధి పంపు దగ్గర వరస మొదలయ్యేది. ఆడవాళ్లు రాకముందే బిందెలే వచ్చి వరసలో నిలబడేవి. ఎవరి బిందె ఎవరిదో గుర్తుపట్టడానికి మా అమ్మ మా బిందె అడుగున మేకుతో చిన్న శంఖం గీయించింది. వరస తప్పించారని వచ్చే తగాదాలన్నీ తమిళంలో జరిగేవి, రాజీలు మాత్రం ఎవరింటి భాషలో వాళ్లు చేసుకునేవారు. ఒక ఎండాకాలం నేను బడికి వరసగా నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాను. కారణం అడగకుండానే ఒక టీచరు నన్ను వరండాలో నిలబెట్టారు. అయిదో రోజు ఆవిడే పంపు దగ్గర నా వెనక రెండు బిందెలతో నిలబడి ఉన్నారు. ఇద్దరం ఒకరినొకరు చూడనట్లే ఉండిపోయాము. తర్వాత ఆవిడ నన్ను ఎప్పుడూ నిలబెట్టలేదు.

కృష్ణా నీళ్లు మదరాసుకు తేవాలని 1983లో ఒప్పందం కుదిరింది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు వదులుకోవాలి. దారిలో ఆవిరైపోయే 3 పోగా నగరానికి 12 టీఎంసీలు చేరాలి. కండలేరు జలాశయం నుంచి పూండి వరకు తవ్విన 177 కిలోమీటర్ల కాలువలో నీళ్లు తమిళనాడు సరిహద్దు దాటి వచ్చేసరికి 1996 అయింది. ఆ వార్త రేడియోలో విని మా అమ్మ చేసిన హడావుడి నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్లే ఉంది. కండలేరు నెల్లూరు జిల్లాలోది కాబట్టి, పుట్టింటి నుంచి తనకు సారె వచ్చిందని వాటాలన్నీ తిరిగి చెప్పి అందరికీ పటికబెల్లం పంచింది. ఒప్పందంలో రాసుకున్న నీళ్లన్నీ ఏటా వచ్చాయని కాదు. 2019 వేసవిలో చెరువులన్నీ ఎండిపోయి, జులైలో జోలార్‌పేట నుంచి 50 వ్యాగన్ల రైలులో 25 లక్షల లీటర్ల నీళ్లు విల్లివాక్కం తెచ్చినప్పుడు, నా మూడు బిందెల గురించి నవ్వేవాళ్లు ఆ నెల రోజులూ నవ్వలేదు.

నిద్ర గురించి కూడా ఒక మాట చెప్పాలి. కటిక చీకటిలో నాకు నిద్ర పట్టదు, నిలకడగా వెలిగే దీపమున్నా పట్టదు. వెలిగి ఆరి మళ్లీ వెలిగే వెలుతురు కావాలి. ఎండాకాలం రాత్రులు మేడమీద పడుకునేవాళ్లం. హైకోర్టు భవనం శిఖరం మీద 1894లో పెట్టిన లైట్‌హౌసు కాంతి తిరిగి తిరిగి మా పిట్టగోడ మీదుగా పోతూండేది. అది ఎన్నిసార్లు వచ్చిపోతే నిద్ర వస్తుందో నేనూ మా అన్నయ్యా పందెం వేసుకునేవాళ్లం. 1977 జనవరిలో మెరీనాలో కొత్త లైట్‌హౌసు మొదలయ్యాక మా వెలుతురు ఆగిపోయింది. నాకప్పుడు పదేళ్లు. ఎవరికి ఫిర్యాదు చేయాలో తెలియక నాన్నను అడిగితే, ఓడలకు దారి తెలిస్తే చాలు, మన నిద్ర కోసం పెట్టింది కాదన్నాడు. గోడౌన్ వీధిలో ఒక బట్టల కొట్టులో గుమాస్తాగా పద్దులు రాసేవాడు మా నాన్న. ఆయన మాటలన్నీ అలా పద్దు తేల్చినట్లే ఉండేవి.

బడిలో నన్ను చేర్చిన రోజున కూడా ఆయన అలాగే తేల్చేశాడు. పేరు ముందు ఏ అక్షరం వేయాలని గుమాస్తా అడిగితే, మా ఇంటిపేరు చెప్పకుండా ఈ ఊరి పద్ధతి ప్రకారం తన పేరులోని మొదటి అక్షరం చెప్పాడు. అందువల్ల నెల్లూరులో మా పెదనాన్న పిల్లలకు ఇంటిపేరు ఉంది, నాకు కాగితం మీద లేదు. హైదరాబాదుకు బదిలీ అయినప్పుడు అక్కడివాళ్లు ఆ పొడి అక్షరం ఇంటిపేరుదే అనుకుని, తమకు తోచిన ఇంటిపేరు తగిలించి, దాన్నిబట్టి మాకు లేని బంధుత్వాలు కలిపారు. పొడి అక్షరం అలా ఉంటే అసలు పేరు మరోలా అయింది. నా పేరు 'భ'తో మొదలవుతుంది. ప, ఫ, బ, భ అనే నాలుగింటికీ తమిళంలో ఒకటే అక్షరం కనుక, రేషను కార్డులో నేను 'ప'తో మొదలయ్యాను. తర్వాత ఒక కార్యాలయంలో ఎవరో ఆ కార్డు చూసి ఇంగ్లీషులోకి దించేటప్పుడు మరో మనిషిని తయారుచేశారు. ఇద్దరమూ ఒకరమేనని నిరూపించడానికి నేను నోటరీ దగ్గర ప్రమాణపత్రం రాయించుకోవలసివచ్చింది.

మా అమ్మమ్మకు ఇలాంటి ఇబ్బందులు లేవు. ఆవిడ జీవితమంతా ఈ ఊరిని చెన్నపట్నమనే పిలిచింది. 1996లో మదరాసు పేరు చెన్నైగా మార్చినప్పుడు, ఇన్నాళ్లకు దారికొచ్చారని మాత్రం అంది. నేనేమో మదరాసు అనడం మానలేకపోయాను.

మా అమ్మాయి తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. 2006లో వచ్చిన చట్టంతో ఈ రాష్ట్రంలో తమిళం ఒకటో తరగతి నుంచి మొదలై దశలవారీగా తప్పనిసరి కావడం వల్లనే మన పిల్లలకు తెలుగు పోయిందని పాత విద్యార్థుల సమావేశాల్లో తరచుగా వింటూంటాను. తెలుగు బళ్లకు ఆ చట్టంతో ఇబ్బంది కలిగిన మాట నిజమే. కానీ మా అమ్మాయి బడిలో చేరేనాటికి ఆ చట్టం పుట్టనే లేదు. మన బడి మా ఇంటికి రెండు వీధుల దూరంలో ఉండగా, తెలుగు ఊసే లేని ఇంగ్లీషు బడికి ఆమెను రోజూ ఆటోలో పంపినదాన్ని నేనే. అందుకే ఆ చర్చ వచ్చినప్పుడు నేను కాఫీ గ్లాసులు అందించే పనిలో ఉంటాను. ఈ వ్యాసాన్ని ఆమెకు ఫోనులో చదివి వినిపించాను. బిందెల దగ్గర నవ్వింది, వీడ్కోలు సభ దగ్గర మరీ నవ్వింది. నేరం సంగతి వచ్చినప్పుడు మాత్రం, "అందులో తప్పేముందమ్మా, మనం అలాగే కదా అంటాం" అంది.

వ్యాసం కింద నా పేరు ఎలా వేయాలని సంపాదకులు అడిగారు. ఆధార్ కార్డులో ఒకలా, బ్యాంకు కాగితాల్లో ఒకలా ఉంది. మన బడి హాజరుపట్టీలో తెలుగులో ఎలా రాశారో అలాగే, నాన్న పేరులోని మొదటి అక్షరంతో, ఒత్తు పోకుండా వేయమన్నాను.